గుమ్మం బాగుందిరా

బావి మీదికి వంగిన తుమ్మచెట్టు కొమ్మల్లో ఉడుతవ్వ సంతాపసభ జరిగింది. కాకి అధ్యక్షురాలు కాబట్టి ముందు తన గురించి మాట్లాడింది. ఆ తర్వాత ముసలి గిజిగాడిని పిలిచింది. ఆ చుట్టుపక్కల అతనంత బాగా గూడు అల్లేవాడు లేడు.

"నా మొదటి గూడు చూసి అందరూ నవ్వారు. ఇక అల్లడం మానేద్దామనుకున్నాను," అన్నాడు గిజిగాడు. "ఉడుతవ్వ మాత్రం లోపలికి దూరి చూసింది. అడుగు ఊడి బావిలో పడింది. ఈదుకుంటూ గట్టెక్కి, తోక విదుల్చుకుని, 'గుమ్మం బాగుందిరా' అంది."

"మరి రెండో గూడు?" అంది కాకి.

"దాంట్లోంచి కూడా పడింది. 'ఈసారి కాసేపు కూర్చున్నాకే పడ్డాను' అంది."

"ఆవిడకి బుద్ధి లేదా?"

"నేనూ అదే అడిగాను. 'ఎవరో ఒకరు దూరకపోతే, అడుగు ఆగేదీ లేనిదీ నీకెలా తెలుస్తుందిరా' అంది."

సభ ముగిసింది. అందరూ పెట్టిన పళ్లు తిని వెళ్లిపోయారు. ఒక కుర్ర గిజిగాడు మాత్రం కదల్లేదు.

"తాతా, నేనూ ఒకటి అల్లాను. అందరూ నవ్వుతున్నారు."

పై కొమ్మకి ఆ గూడు వంకరగా వేలాడుతోంది. గుమ్మంలోంచి తొంగిచూస్తే అడుగు సందుల్లోంచి బావి నీళ్లు కనిపిస్తున్నాయి. ముసలి గిజిగాడు కాసేపు ఆ నీళ్ల వంకే చూశాడు. తర్వాత రెక్కలు గట్టిగా ముడుచుకుని లోపలికి దూరాడు.