మునిరాజు పరిశోధన

పుంగనూరులో బస్సెక్కిన దగ్గర్నుంచి మునిరాజుకు ఒకటే దిగులు. ఇవాళ్టితో తన పరిశోధన ముగిసిపోతుందేమో.

మదనపల్లె నుంచి డాక్టరు ఉషా నిన్న ఫోను చేసింది. “ఒక మాట చెప్పాలి సార్. ఫోనులో వద్దు, రండి” అంది. కొత్తగా వచ్చిన పిల్ల. పాత చంద్రశేఖర్ డాక్టరైతే మునిరాజు లేకుండా అడుగు కదిపేవాడు కాదు. ఆయన పోయిన నెలలో రిటైరైపోయాడు. కొత్తవాళ్లకు పాతవాళ్ల విలువ ఏం తెలుస్తుంది?

పక్క సీటులో కృష్ణప్ప అనే ఆసామి. కుప్పం నుంచి మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోతున్నాడు. వేరుశనక్కాయల పొట్లం ఇటు చాపాడు.

“తిను అన్నా.”

“వద్దప్పా. పనికి ముందర నేనేమీ తినను.”

“ఏం పని?”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు మునిరాజు సర్దుకుని కూర్చున్నాడు. దిగులు కొంచెం పక్కకు జరిగింది.

“రక్తం మీద పరిశోధన. తాతనించి తండ్రికి, తండ్రినించి కొడుక్కి వచ్చే రక్తం జబ్బులుంటాయి సూడు, వాటి మీద. ముప్పై ఏండ్లుగా అందులోనే ఉండాను.”

కృష్ణప్ప చాపుకున్న కాళ్లు ముడుచుకున్నాడు. “అయితే మీరు డాక్టరా?”

“డాక్టర్లే నాకోసం వస్తారప్పా. నావల్ల నలుగురు డాక్టరేట్లు తెచ్చుకున్నారు.”

ముందు సీటులోంచి మునిరాజు భార్య కమలాక్షి తల తిప్పకుండానే అంది. “ఆ నలుగురిలో ఒకడన్నా పెండ్లికి పిలిచినాడేమో అడుగప్పా.”

“మా ఇంటిది. సైన్సు పడదు” అని మునిరాజు గొంతు తగ్గించాడు.

నిజానికి బళ్లో సైన్సుకు తనకొచ్చిన మార్కులు తలుచుకుంటే మునిరాజుకే నవ్వొచ్చేది. అయ్యవారు మునిరాజు పేపరును తరగతికంతా చదివి వినిపించేవాడు, నవ్వుకోడానికి. అలాంటివాణ్ణి పట్టుకుని సైన్సు ఇన్నేళ్లు వదల్లేదంటే, పొరబాటు అయ్యవారిదో సైన్సుదో ఆయనకు ఇప్పటికీ తేలలేదు.

“నా సంగతి లండన్ పత్రికలో కూడా వేసినారు. పేరు మాత్రం పూర్తిగా వెయ్యలా. ఎం.ఆర్. అని రెండే అక్షరాలు.”

“యాల?”

“పెద్ద పత్రిక కదప్పా. జాగా తక్కువ.”

కృష్ణప్ప తల ఊపాడు. “ఈ పనిలోకి ఎట్లొస్తిరి?”

“మా చౌడేపల్లెలో వెయ్యిమందిని సూసి, చంద్రశేఖర్ డాక్టరు నన్నొక్కణ్ణే ఏరుకున్నాడు. మా నాయనదీ ఇదే లైను. పాపం, ఆయన కాలంలో గుర్తింపు లేకపోయె.”

“మరి మీ కొడుకును కూడా పెట్టకపోయినారా?”

మునిరాజు మొహం వాడింది. “మా మురళినా? పెట్టాలనే సూస్తి. పరీక్షకు తీసుకపోతే, పనికిరాడనేసినారు.”

“బాగా సదివించి మళ్లీ పంపాల్సింది.”

“సదివితే వచ్చేది కాదప్పా అది. పుట్టుకతో ఉండాల.”

అంతటివాడు నడవ పక్కన కూర్చోవడం బాగుండదని కృష్ణప్ప లేచి కిటికీ సీటు ఇచ్చేశాడు. “జీతం గట్టిగానే ఉంటాదేమో.”

“టీ, రెండు బిస్కెట్లు” అంది కమలాక్షి. “ఎండాకాలమైతే మజ్జిగ.”

“జీతం కోసం చేసేది కాదు సైన్సు” అన్నాడు మునిరాజు. అనేసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. దిగులు మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది. ఇవాళ ఆ పిల్ల ఇంక రావద్దంటే, రేపట్నుంచి తనెవరు? చౌడేపల్లె టీ అంగట్లో పేపరు కోసం వంతు కాచుకునే ఇంకో ముసలోడు.

మదనపల్లెలో దిగి, కమలాక్షిని వెంటబెట్టుకుని ఉషా గదికి చేరాడు.

ఉషా లేచి నిలబడింది. “కూర్చోండి సార్. ఈ నెలతో ఆపేయమని పైనుంచి రాశారు.”

మునిరాజు కూర్చోలేదు. బస్సులో అంత ఎగతాళి చేసిన కమలాక్షే ఒకడుగు ముందుకొచ్చింది. “ఆయన లేకుంటే మీకు జరుగుతాదా అమ్మా? ముప్పై ఏండ్లు వానైనా ఎండైనా వచ్చినాడు.”

“జరగదమ్మా. అదే తిరిగి రాశాను, ఇలాంటి మనిషి మనకు ఇంకొకరు దొరకరని. ఇంకో ఐదేళ్లు పొడిగించారు. ఆ మాట చెబుదామనే పిలిచాను” అంది ఉషా. “ఎలాగూ వచ్చారు, ఇవాళే మొదలుపెడదామా?”

“సూస్తివా?” అన్నాడు మునిరాజు భార్యతో. బెత్తెడు ఎత్తు పెరిగినట్టు కనిపించాడు.

ఉషా రక్తం తీసే సూది పొట్లం విప్పుతుండగా ఆ మహానుభావుడు చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, కుర్చీలో వెనక్కి వాలి, పిడికిలి బిగించి, ముప్పై ఏళ్ల అనుభవంతో మొహం గోడవైపు తిప్పుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.