రాతి మీద తెల్లచుక్క

వంతెనను మింగిన వరద వచ్చిందే, దాని మరుసటి ఏడు.

ఆ వరదలో వడ్రంగి కొట్టు పోయింది. రంపాలు, చిత్రికలు, సగం చేసిన తలుపులు, అన్నీ పోయాయి. మిగిలింది ఒక ఉలి, బోలెడంత కోపం.

పనిచ్చే నాథుడు లేడు. రోజూ సముద్రపు ఒడ్డున రాళ్ళకట్ట మీద గాలం పట్టుకుని నిలబడేవాడు. చేప పడితే ఆ పూట ఇంట్లో నలుగురికీ తిండి. పడకపోతే నీళ్ళు తాగి పడుకోవడమే.

వరద తెచ్చిన ఇసుక పాత చోట్లన్నీ పూడ్చేసింది. చేప ఎక్కడ చేరుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. అలాంటప్పుడు కట్ట రాళ్ళ మీద అక్కడొకటి ఇక్కడొకటి తెల్లచుక్కలు కనబడ్డాయి. చుక్క ఉన్న రాయెక్కి గాలం వేస్తే చాలు, చేప పడినట్టే.

"చేపల శాఖ ఆఫీసువాళ్ళు వేయించి ఉంటారు," అన్నాడు వడ్రంగి బావమరిది.

"ఆఫీసువాళ్ళకి మీ మీద అంత ప్రేమా?" అంది కట్ట కింద ఎరలు అమ్మే ఆమె. అందరూ ఆమెను ఎరలమ్మ అనేవాళ్ళు.

ఆ కట్ట దగ్గరే ఒక ముసలాయన తిరిగేవాడు. ఏ ఊరివాడో తెలియదు. గాలం లేదు, బుట్ట లేదు. చేతిలో పొడుగాటి కర్ర. నీళ్ళు వెనక్కి తీసిన వేళ మోకాటి లోతున దిగి, ఇసుకలో పొడుచుకుంటూ నడిచేవాడు. ఆయనకు కర్రాయన అని పేరు పెట్టారు.

ఆయన్ని చూస్తేనే వడ్రంగికి ఒళ్ళు మంట.

"పట్టడు, పట్టనివ్వడు. పొడిచి పొడిచి ఉన్న చేపల్ని తరిమేస్తున్నాడు ముసలాడు."

"నీ అరుపులకి పోయినన్ని ఆయన కర్రకి పోవులే బావా," అని నవ్వేవాడు బావమరిది.

ఒకరోజు పొద్దున్నే వడ్రంగి వచ్చేసరికి, రోజూ తను నిలబడే రాయి మీద కర్రాయన కూర్చుని ఉన్నాడు. ఇనుపరేకుతో తెల్లచుక్కను గీకేస్తున్నాడు.

వడ్రంగికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

ముసలాయన తలెత్తలేదు. "ఇక్కడ ఇంక లేవు బాబూ. అటు వెళ్ళు."

"నీకెవరు చెప్పారు?"

"కాళ్ళు."

"వేళాకోళమా? నా పిల్లల నోటి కాడ కూడు ఈ చుక్క! ఇది చెరిపేసి నువ్వొక్కడివే దోచుకుందామనా?"

"నాకు గాలమే లేదు కదా బాబూ."

ఆ మాట వడ్రంగి చెవిన పడితేగా. కర్ర లాక్కున్నాడు. మోకాలికి అడ్డం పెట్టి ఫెళ్ళున విరిచాడు. కింది ముక్కను సముద్రంలోకి విసిరేశాడు. పైముక్కను చంకలో పెట్టుకున్నాడు, పొయ్యిలోకి పనికొస్తుందని.

"పో! మళ్ళీ ఇటు కనబడ్డావంటే ఈసారి విరిగేది కర్ర కాదు."

ముసలాయన లేచాడు. రాయి రాయీ చేత్తో తడుముకుంటూ కట్ట దిగిపోయాడు.

వడ్రంగి ఇంటికెళ్ళి సున్నం తెచ్చి, చెరిగిన చోట మళ్ళీ చుక్క పెట్టాడు. పాతదానికంటే పెద్దది.

ఆరోజు ఒక్కటీ పడలేదు. మర్నాడూ అంతే. నాలుగోరోజుకి మిగతా చుక్కల దగ్గరా పడటం మానేశాయి. కట్ట మీద ఒకరినొకరు అమ్మా ఆలీ తిట్టుకున్నారు. బావా బావమరుదులకు మాటల్లేవు.

ఎనిమిదోరోజు పిల్లలిద్దరూ ఖాళీ బుట్టలోకి తొంగిచూసి లోపలికి వెళ్ళిపోయారు.

"కట్టెలు కూడా అయిపోయాయి," అంది భార్య. "నువ్వు గెలుచుకొచ్చిన కర్రముక్క ఉందిగా. అదన్నా పెట్టనా?"

"పెట్టు! బూడిదైపోనీ!"

ఆమె కర్ర కొసకు చుట్టిన గుడ్డ విప్పింది. విప్పి ఆగిపోయింది.

"ఇదేంటయ్యా, రంగులేసే కుంచెలా ఉంది?"

గుడ్డ కింద పీచు బిగించి కట్టి ఉంది. పీచంతా తెల్లరంగు పేరుకుపోయింది.

వడ్రంగి లాక్కుని చూశాడు. కర్రకు జానకొక గంటు. వెంట్రుకవాసి తేడా లేదు. వేలు పెట్టి తడిమితే తెలిసేంత లోతున చెక్కిన గంట్లు.

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

"ఎరలమ్మా, కర్రాయన ఎక్కడుంటాడు?"

"ఇంకెక్కడి కర్రాయన! ఎనిమిది రోజులైంది బస్సెక్కి. నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను."

"చెయ్యి పట్టుకోవడమెందుకు?"

"కళ్ళుంటే కదయ్యా ఆయనకి! ఇసుక ఎటు జరిగిందో, గుంట ఎక్కడ పడిందో, అంతా కాళ్ళతోనూ కర్రతోనూ చూసేవాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. కర్ర పోయాక ఇక్కడేం చేస్తాను అని వెళ్ళిపోయాడు."

"కర్ర ఎలా పోయిందని చెప్పాడు?"

"అల లాక్కుపోయిందట."

ఆమె లోపలి నుంచి ఆయన వదిలెళ్ళిన తెల్లరంగు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. వడ్రంగికి కోపం ముంచుకొచ్చింది. అరవడానికి తను తప్ప ఎవరూ లేరు.

మర్నాడు తెల్లవారుతూనే, మిగిలిన ఆ ఒక్క ఉలితో కొత్త కర్రకు జానకొక గంటు పెట్టుకుని నీళ్ళలో దిగాడు. తన రాయి ముందు నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. అంతా పూడిపోయింది. ఇరవై అడుగుల అవతల కాలు జారింది. కర్ర నాలుగు గంట్లు దిగింది. అక్కడి రాయి మీద చుక్క పెట్టాడు. వెనక్కి వచ్చి, తను పెట్టిన సున్నపు చుక్కను గీకడం మొదలుపెట్టాడు.

కట్ట మీద నుంచి కొత్తవాడెవడో కేకేశాడు. "ఏయ్! ఎవడ్రా నువ్వు? చుక్క చెరిపేస్తున్నావేంట్రా?"

"ఇక్కడ ఇంక లేవు బాబూ. అటు వెళ్ళు," అని వడ్రంగి కర్రను వీపు వెనక దాచుకున్నాడు.