ముడుల తాడు

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. దూరంగా కూర్చుంటే ఈ కథ సగమే వినబడుతుంది.

ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు. ఉద్యోగం అయిపోయాక కాలు నిలవక, లోపల మంచం, పొయ్యి అన్నీ ఉన్న ఇంటిబండి ఒకటి కొనుక్కున్నాడు.

ఆయన భార్యకి తుంటి ఆపరేషన్ అయింది. మంచం దిగకూడదన్నారు. ఆవిడేమో బుద్ధెరిగాక ఒక్కసారైనా సముద్రం చూడలేదు.

"దిగకుండానే చూపిస్తా పద," అని డ్రైవరు బండిని తిన్నగా ఒడ్డుకి తోలుకొచ్చి, ఆవిడ మంచం పక్క కిటికీ నీళ్లవైపు ఉండేలా ఆపాడు.

"ఏదండీ సముద్రం?"

"ఎదురుగానే ఉందిగా!"

"నాకు పాలగిన్నె కనిపిస్తోంది."

ఆ కిటికీకి రెండు అద్దాలు, మధ్యలో కాస్త సందు. ఆ సందులో చెమ్మ చేరి తెల్లగా పట్టేసింది. డ్రైవరు లోపల తుడిచాడు, బయట తుడిచాడు. మకిలి మధ్యలో ఉంటే పైన రుద్దితే పోతుందా?

"దీని సంగతి నాకు తెలుసు," అని డ్రిల్లు తెచ్చి, ఆవిరి పోవడానికని అంచు రబ్బరుకి చిల్లు పెట్టాడు.

సాయంత్రం వాన కురిసింది. ఆ చిల్లులోంచి నీళ్లు శుభ్రంగా లోపలికి దిగాయి.

"నిన్న చిక్కటి పాలు, ఇవాళ నీళ్లు కలిపిన పాలు," అంది ఆవిడ పొద్దున్నే.

నవ్వింది గానీ, కళ్లు తుడుచుకుంది. మర్నాడు ఆసుపత్రిలో కుట్లు విప్పించుకోవాలి, తెల్లవారగానే బయల్దేరాలి. కొత్త కిటికీ కావాలంటే నెల పడుతుందన్నారు కంపెనీవాళ్లు. ఇంత దూరం వచ్చి, సముద్రం చప్పుడు విని వెళ్లిపోవడమేనా?

అక్కడి టీ కొట్టావిడ చెబితే ఒక అద్దాలాయన వచ్చాడు. కళ్లకి నల్లద్దాలు, భుజాన సంచి. భార్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. ఆవిడ ఆయన్ని బండి మెట్టు దగ్గర దింపి, పనయ్యాక వస్తానని వెళ్లింది. మంచం మీంచి తలుపులోంచి మెట్టు వరకే కనిపిస్తుంది, డ్రైవరు భార్య అది చూసింది.

"చూశారా! ఈ వయసులోనూ ఎంత ముద్దుగా చెయ్యి పట్టుకుని నడుస్తున్నారో. మీరెప్పుడైనా పట్టుకున్నారా?"

"నేను నీ చెయ్యి పట్టుకుంటే స్టీరింగు ఎవరు పట్టుకుంటారే?"

అద్దాలాయన కిటికీని వేలితో తట్టి, చెవి పెట్టి విన్నాడు. అంచంతా తడిమాడు.

"ఈ చిల్లు ఎవరు పెట్టారు బావగారూ?"

"అదా... ఎప్పటిదో."

"రబ్బరు పొడి ఇంకా వేలికి అంటుతోందే!"

మంచం మీద ఆవిడ నవ్వలేక తుంటి పట్టుకుంది.

ఆయన కిటికీ ఊడదీసి, ఇసుక రాకుండా ఆ ఖాళీకి గోనెపట్టా కట్టాడు. సంచిలోంచి ముడులేసిన తాడు తీసి కొలిచాడు.

"టేపు లేదా నీకు?" అన్నాడు డ్రైవరు.

"దీనికే అలవాటు పడ్డాను."

రెండద్దాలూ విడదీసి, కడిగి, బొటనవేలితో రుద్దాడు. కీచుమనేదాకా రుద్దుతూనే ఉన్నాడు. అద్దాల మధ్య పట్టీలో చెమ్మ పీల్చే గుళికలుంటే, పాతవి పారబోసి కొత్తవి పోసి, అంచు రబ్బరు చిల్లు పూడ్చాడు. అప్పుడు తీరిగ్గా కూర్చున్నాడు.

"ఇంకా మూయవేం?"

"బుగ్గకి ఎండ చురుక్కుమనాలి బావగారూ. చల్లటివేళ మూస్తే చెమ్మని లోపల పెట్టి తాళం వేసినట్టే."

మూసేముందు ఒక్కొక్క అద్దం ఎత్తి ఆవిడకి పట్టాడు. "మరకేమైనా ఉందేమో చూడు చెల్లెమ్మా."

"పని చేసేది నువ్వు, చూసేది మా ఆవిడానా?" అన్నాడు డ్రైవరు.

"సముద్రం చూడాల్సింది చెల్లెమ్మే కదండీ!"

మధ్యాహ్నానికి గోనెపట్టా దిగింది, కిటికీ మళ్లీ గోడకెక్కింది.

"అమ్మో!" అంది ఆవిడ. "అమ్మో, ఇంతుంటుందా!"

అద్దాలాయన మెట్టు మీద చతికిలబడ్డాడు. "చెప్పు చెల్లెమ్మా. ఏమేం కనిపిస్తున్నాయి?"

"నీ ఎదురుగానే ఉందిగా అన్నయ్యా!"

"నువ్వు చెబుతుంటే వినాలనుంది."

ఇంకేం, ఆవిడ అందుకుంది. "ఎవరో పెద్ద దుప్పటి దులుపుతున్నట్టుంది. దులపడం అవ్వదు, మడతపెట్టడం అవ్వదు. అదిగో, ఎర్ర పడవ. దాని మీద ఒక కాకి, తనదే పడవ అన్నట్టు పెత్తనం చేస్తోంది."

"ఎరుపంటే ఎలాంటి ఎరుపు?"

"ఎండుమిరపకాయ ఎరుపు."

ఆయన తలెత్తి, నోరారా నవ్వాడు. గంటసేపు ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. డ్రైవరు ఇచ్చిన టీ పక్కనే చల్లారిపోయింది.

"ఈయనకి కబుర్ల పిచ్చి," అని గొణిగాడు డ్రైవరు.

మర్నాడు బయల్దేరబోతుంటే మెట్టు మీద ఆ ముడుల తాడు కనిపించింది. టీ కొట్టు దగ్గర ఇచ్చేసి పోదామని ఆగారు.

"అయ్యో, మర్చిపోయాడా! ఇద్దరూ తెల్లారగట్ల బస్సుకే పక్క ఊరి పనికి వెళ్లిపోయారు," అంది కొట్టావిడ. "ఈ ముడులు తడుముకోకపోతే అద్దం ఎలా కొలుస్తాడు పాపం? చూపు పోయి పాతికేళ్లాయె."

డ్రైవరు తాడు కొట్టావిడ చేతిలో పెట్టాడు. వచ్చి, మంచం పక్కన కూర్చుని భార్య చెయ్యి పట్టుకున్నాడు.

ఆవిడ ఆ కిటికీలోంచే సముద్రాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తలుపువైపు మొహం తిప్పి, కొట్టావిడకి వినబడేలా గొంతెత్తి కేకేసింది.

"అమ్మాయ్! మా అన్నయ్య వచ్చాక చెప్పు. పొద్దున సముద్రం దులపడం ఆపేసి నున్నగా పరుచుకుంది. ఎర్ర పడవ వెళ్లిపోయింది. కాకి మాత్రం ఒడ్డున కూర్చుని దానికోసం చూస్తోంది!"

గుర్తు పెట్టుకోండి నాయనా, మీరూ నలుగురికీ చెప్పండి. కాకిని మాత్రం మర్చిపోకండి. ఆ కబురు ఇంకా ఆయన చెవిన పడిందో లేదో.