పెళ్లిచూపుల్లో పిస్తోలు

పిస్తోలు లేని నడుము బెజవాడలో కనిపించని కాలమది. దసరానాడు కూతురి పెళ్లిచూపులు. పిస్తోలు పైకి కనపడేలా పెట్టుకోవాలా, దాచుకోవాలా అని సుభాషిణి, కోదండం దంపతులు పొద్దుటి నుంచీ వాదులాడుకుంటున్నారు.

"పైకి పెట్టుకుంటే కలిగినవాళ్లమని తెలుస్తుందండీ."

"వాళ్లు నెమ్మదస్తులటే! చూస్తే సంబంధం తప్పిపోతుంది."

చివరికి దాచడమే ఖాయమైంది. ఆయుధపూజలో పెట్టిన పసుపూ కుంకుమా తడారకుండానే ఆవిడ చీర కుచ్చిళ్లలోకి, ఆయన లాల్చీ కిందకి పిస్తోళ్లు దోపేసుకున్నారు.

"మా ఇంట్లో ఆయుధాలు ముట్టుకోమండీ," అంది పిల్లాడి తల్లి రత్నమాల, వచ్చి కూర్చుంటూనే.

"మేమూ అంతే వదినగారూ!"

కాఫీలు ఇద్దామని కోదండం లేచాడు.

"అయ్యో, అన్నయ్యగారికి రక్తం!" అని అరిచి లేచిన రత్నమాల నడుము దగ్గరా ఎర్రటి మరకే. భర్త పంచె మీదా, కొడుకు చొక్కా మీదా అదే కుంకుమ. దాచుకున్నవి బయటపడి అందరూ పగలబడి నవ్వారు.

మరక లేనిది పెళ్లికూతురు విశాల ఒక్కతే.

"పిల్లకి లేదా?" రత్నమాల మొహం వాడిపోయింది.

ఇంతసేపూ ఎదురుగా కూర్చున్న విశాల లేచి వెనక్కి తిరిగింది. జడ చివర, జడకుప్పెలకు బదులు, చామంతులు చుట్టిన పిస్తోలు బాహాటంగా ఊగుతోంది.

"ముహూర్తం పెట్టించెయ్యండి," అన్నాడు పిల్లాడు, మొదటిసారి నోరు విప్పి.