పాత సైజు బేరింగు

నాంపల్లిలో అంజయ్య లేత్ మీద నా లారీ వెనక ఇరుసులోని డిఫరెన్షియల్ క్యారియర్ బిగించి ఉంది. బేరింగు కూర్చునే చోటు కాస్త కోసి సన్నం చేస్తే, బజారులో దొరికే చిన్న బేరింగు పడుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ కోస్తే క్యారియర్ పాత ఇనుము కింద పోతుంది. నాకున్నది ఒక్కటే లారీ.

"ఒక్కసారి కోసినంక పాత సైజు బేరింగు మళ్ల గీడ కూసోదు సార్. బొంబాయి నుంచి వస్తదేమో, జర ఆగరాదు?" అన్నాడు అంజయ్య.

"ఆరు నెలలు ఆగాం. కొయ్యి."

"చెయ్యి జారితే మనిద్దరం మేకలు కాసుకోవాలె."



అంజయ్య ఊపిరి బిగబట్టి మూడుసార్లు కోశాడు, మూడుసార్లు కొలిచాడు. చిన్న బేరింగును మెల్లగా తట్టి ఎక్కించాడు. బిగుతుగా కూర్చుంది.

"బతికినం సార్," అన్నాడు.

ఇంటికొచ్చి బీరువా తెరిచాను. బొంబాయి పార్సెల్ అక్కడే ఉంది. అబిడ్స్ పోస్టాఫీసు నుంచి తెచ్చి పదిరోజులైంది. అందులో ఉన్నవి పాత సైజు బేరింగులే. ఆర్డరు రాసింది నా భార్య కమలకుమారి. అడ్రసు తప్పు పడకూడదని, పార్సెల్ మీద అంటించే చీటీ కూడా తనే రాసి పంపింది. పార్సెల్ వచ్చేసరికి తను చనిపోయింది.

ఆ చీటీని పెట్టె మూత మీదుగా అంటించారు. చింపకుండా పెట్టె తెరుచుకోదు.