పుట్టిన చోట ఒక కుర్చీ

కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి మళ్ళీ అదే మాట చెప్పింది.

“మీవారు ఇక్కడే పుట్టారు, కాదనడం లేదండీ. కానీ ఇప్పుడు ఇక్కడ ఉండటం లేదు కదా. ఉచిత డయాలసిస్ ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకే. డబ్బు కట్టినా బయటివాళ్ళకు చెయ్యరు.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. భర్త పుట్టింది ఈ దేశంలోనే కాదు, సాక్షాత్తూ ఈ ఆస్పత్రిలోనే. బతుకుతెరువు కోసం వేరే దేశం వెళ్ళి స్థిరపడితే పుట్టుక కూడా చెరిగిపోతుందా?

మంచాన పడ్డ అక్కను ఒకసారి చూసి వెళ్దామని అతను పట్టుబడితే వచ్చారు. రోజు విడిచి రోజు రక్తం శుద్ధి చేయించుకోవాల్సిన మనిషి. అందుకే బయల్దేరక ముందే ఇక్కడి ప్రైవేటు సెంటరుతో మాట్లాడి పెట్టుకున్నారు. తీరా దిగాక చూస్తే, వాళ్ళ యంత్రాలు మూలపడ్డాయి. దగ్గర్లో మిగిలింది ఈ సర్కారు ఆస్పత్రి ఒక్కటే. ఇక్కడేమో డయాలసిస్ కుర్చీలు కొన్నే, ఎదురుచూసేవాళ్ళు బోలెడుమంది.

అతని కాళ్ళు అప్పటికే నీరు పట్టాయి. పడుకుంటే ఊపిరాడటం లేదు.

సూపరింటెండెంటు సంతకం పెడితే ప్రత్యేకంగా ఒక కుర్చీ ఇస్తారట. ఆమె అర్జీ రాసుకుని వెళ్ళింది. ఆయన మీటింగులో ఉన్నాడు. గుమాస్తా జిరాక్సు అడిగాడు. జిరాక్సు తెస్తే ఫొటో అడిగాడు. ఫొటో తెస్తే భోజనానికి వెళ్ళాడు.

ఇది చాలదన్నట్టు వరండా బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన అందుకున్నాడు. ఆయనా డయాలసిస్ మనిషే. అప్పుడే చేయించుకుని వచ్చాడు, చేతికి కట్టు ఉంది.

“పన్నులు అక్కడ కట్టి, సూదులు ఇక్కడ పొడిపించుకుంటారా? బాగుందమ్మా వరస.”

“మిమ్మల్నెవరూ అడగలేదండీ.”

“అడక్కపోయినా చెప్తాను. ఇక్కడ ఒక కుర్చీ కోసం నేను ఏడాది తిరిగాను. మీరు విమానం దిగి తిన్నగా వచ్చి కూర్చుంటానంటే ఎలా?”

ఆయన్ని అందరూ పేచీ తాత అంటారని కౌంటరు అమ్మాయి మెల్లగా చెప్పింది. దుప్పటి మాసిందని పేచీ, ఫ్యాను తిరగడం లేదని పేచీ, వరుసలో ఎవరైనా ముందుకు దూరితే ఇక చెప్పక్కర్లేదు. భోజనం ముగించుకుని గుమాస్తా వచ్చీ రాగానే, బయటి దేశంవాళ్ళకు కుర్చీలిస్తే ఊరుకునేది లేదని పెద్దాయన అతని మీద కూడా ఎగిరాడు.

ఆమె భర్త గోడకు తల ఆనించి, “పోనీలేవే, ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది?” అన్నాడు.

ఆ నెమ్మది చూస్తే ఆమెకు మరీ చిరాకేసింది.

“తప్పేం లేదు. మరి మీకు ఊపిరాడేదెలా?”

పెద్దాయన ఆ మాట విన్నాడో లేదో, కట్టు సవరించుకుంటూ లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడూ సంతకం కాలేదు. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, ప్రాణం మీదికి వస్తే తప్ప యంత్రం మీద పెట్టరని చెప్పి, ఒక ఇంజెక్షను ఇచ్చి పంపించేశారు.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే ఆమె సూపరింటెండెంటు గది ముందు నిలబడింది. మూడు రోజులుగా దాచుకున్న కోపమంతా వరండా దద్దరిల్లేలా వెళ్ళగక్కింది. గుమాస్తాను, కౌంటరును, రూలు రాసిన మహానుభావులను, ఎవరినీ వదల్లేదు.

గంట తిరక్కముందే నర్సు వచ్చింది. కుర్చీ ఒకటి ఖాళీ అయిందనీ, అతన్ని తీసుకురమ్మనీ చెప్పింది.

నోరు చేసుకుంటే గానీ పనులు కావు అనుకుంది ఆమె. భర్తను చక్రాల కుర్చీలో తోసుకుంటూ వెళ్తుంటే, వరండా బల్ల మీద పేచీ తాత కనిపించాడు. ముఖం ఉబ్బి ఉంది. ఆమె ఊరుకోలేకపోయింది.

“చూశారుగా. అడగాల్సినట్టు అడిగితే మా హక్కు మాకొచ్చింది.”

“మంచిదేగా,” అన్నాడు ఆయన.

యంత్రం తిరుగుతుంటే భర్త వెనక్కి వాలి నిద్రపోయాడు. వచ్చిన దగ్గర్నుంచీ అతను అలా కళ్ళు మూసుకోవడం ఆమె చూడనేలేదు. లేచాక అక్క దగ్గరికి వెళ్దామన్నాడు. ముఖంలో కాస్త కళ తిరిగింది.

బయటికి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

తనెంత అరిచినా, పని చేసిపెట్టాడు కాబట్టి సూపరింటెండెంటుకు ఒక దణ్ణం పెట్టి వెళ్ళడం మర్యాద అనిపించింది ఆమెకు. ఆయన గదిలో ఉన్నారా అని నర్సును అడిగింది.

“ఆయనకెందుకమ్మా? మీ అర్జీ మీద ఇంకా సంతకమే కాలేదు.”

“మరి ఈ కుర్చీ ఎలా వచ్చింది?”

నర్సు తటపటాయించింది. చెప్పనని మాటిచ్చానంది. ఇందాకే ఆ కుర్చీ ఇచ్చిన మనిషికి ఆయాసం ముంచుకొస్తే కింద ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారనీ, ఆక్సిజన్ పెట్టారనీ, ఇప్పుడు ఎవరినీ లోపలికి రానివ్వడం లేదనీ, ఇంక దాచి ఏం లాభమనీ అంది.

“‘వీళ్ళకిక్కడ హక్కు లేదు, ఆ మాట మీద నేనిప్పటికీ ఉన్నాను, కానీ ఈ పూట ఆ కుర్చీ నాది, నాది నేనెవరికిచ్చుకుంటే మీకేం?’ అని మాతో పోట్లాడి మరీ వెళ్ళి ఆ బల్ల మీద కూర్చున్నారమ్మా, మా పేచీ తాత.”