రేవు అల్లిక

"ఆ ఓడ పగిలిన చోటు ఎక్కడండీ?"

కెరెన్సా తన టీ కొట్లో, మాంసం కూరిన పేస్టీల పళ్ళెం బల్ల మీద ఠపీమని పెట్టింది. ఈ మూడు వారాల్లో ఆ మాట అడిగినవాళ్ళలో ఇతను నలభయ్యోవాడు.

అంతా టీవీ సీరియల్ పుణ్యం.

ఇంగ్లండు కొసనున్న తమ ట్రెవెలిన్ రేవు కథ తీశారని ఊరు ఊరంతా హాల్లో కుర్చీలు వేసుకు కూర్చుంది. చూసిందేమిటి? చీకటి, బురద, నెత్తురు. ఒక్కడి మొహాన నవ్వు లేదు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుల్ని తమ ముత్తాతలు దుడ్డుకర్రలతో చంపి, ఒంటి మీది బట్టలు ఒలుచుకున్నారట!

"చంపలేదు, కాపాడారు" అని కెరెన్సా సీరియల్ వాళ్ళకి ఉత్తరం రాసింది.

"రుజువుంటే చూపండి, సరిదిద్దుతాం" అని జవాబొచ్చింది.

రుజువెక్కడిది, ముసలాళ్ళ మాట తప్ప? ఆమె కూతుర్ని బళ్ళో "హంతకుల పిల్ల" అంటున్నారు.

ఇప్పుడు అడిగినవాడు పొడుగాటి మనిషి. చంకలో కాగితం పొట్లం. యాస నార్వే వైపుది. కిటికీ దగ్గర టీ తాగుతున్న డెన్జిల్ ముసలాయన స్వెటర్‌నే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు.

"ఏం నాయనా, దీన్ని ఏ శవం మీది నుంచి లాగానో అనా ఆ చూపు?" అన్నాడు డెన్జిల్.

"ఆ అల్లిక..."

"మా రేవుదే. నడుమ మెట్లు, పక్కన జంట తాళ్ళు. ఇంకే రేవులోనూ వెయ్యరు. అమ్మేది కాదు."

"కొనడానికి కాదు. ఆ సీరియల్ చూశాను. అది నాకు..."

"తెగ నచ్చేసిందా? దుడ్డుకర్ర తెమ్మంటావా, పట్టుకుని ఫోటో దిగుతావు?"

కొట్లో అందరూ గొల్లుమన్నారు. 'ఊరుకో బాబాయ్' అనబోయింది కెరెన్సా. కూతురి ఏడుపు మొహం గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఇక్కడ చూసేదేం లేదండీ. రెండింటి బస్సు వీధి చివర ఆగుతుంది" అంది.

అతను ఏదో చెప్పబోయాడు. పొట్లం బల్ల మీద పెట్టి, టోపీ తీసి అందరికీ తల వంచి, వెళ్ళిపోయాడు.

"పొట్లం మరిచిపోయాడు బాబాయ్."

"వస్తాడులే. దుడ్డుకర్రేమో విప్పి చూడవే అమ్మాయ్!"

రెండయింది. అతను రాలేదు. కెరెన్సా దారం తెంపింది.

నీలం ఊలు స్వెటర్. వెలిసిపోయింది. మోచేతుల దగ్గర వేరే రంగు ఊలుతో అతుకులు. రొమ్ము మీద మెట్లు, పక్కన జంట తాళ్ళు.

డెన్జిల్ లేచి వచ్చాడు. ఆ మెట్లని వేలితో తడిమాడు.

"మనదే" అన్నాడు మెల్లిగా.

కెరెన్సా వీధిలోకి పరుగెత్తింది. బస్సు కొండ మలుపు తిరిగిపోయింది.

స్వెటర్ మడతలోంచి చీటీ జారింది. పేరూ లేదు, ఊరూ లేదు. రెండే ముక్కలు.

"మా ముత్తాతని నీళ్ళలోంచి లాగినతను, వణికిపోతున్నాడని, తన ఒంటి మీది దీన్ని విప్పి తొడిగాడట. ఎప్పటికైనా తిరిగి ఇచ్చి దణ్ణం పెట్టి రమ్మని మా ఇంట్లో నాలుగు తరాల మాట."